నెలలు నిండని శిశువు – తొలి ఆహారం

తల్లి గర్భంలో శిశువు సుమారు 40 వారాలు పెరుగుతుంది. 37 వారాలు నిండకుండానే పుట్టిన బిడ్డను నెలలు నిండని శిశువు అంటారు.

గర్భవాసంలోని చివరి మూడు నెలలు మెదడుకు కీలకమైన కాలం. అంతవరకు నునుపుగా ఉన్న మెదడుపై మడతలు దట్టంగా ఏర్పడేది, దాని బరువు వేగంగా పెరిగేది అప్పుడే. 34వ వారంలో మెదడు బరువు, నెలలు నిండిన శిశువు మెదడు బరువులో దాదాపు మూడింట రెండు వంతులే. ఆ పెరుగుదలకు కావలసిన మాంసకృత్తులు, కొవ్వులు, ఇనుము మాయ ద్వారా తల్లి రక్తం నుండి అందుతాయి. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ దారి తెగిపోతుంది. మెదడు ఆకలి మాత్రం తీరదు. పైగా చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం అనే మూడింటిని పొందికగా చేసే నేర్పు సుమారు 34వ వారం వరకు శిశువుకు అలవడదు. అందుచేత సన్నని గొట్టం ద్వారా పాలను నేరుగా కడుపులోకి పంపవలసి వస్తుంది.

ఆ పాలు ఎటువంటివై ఉండాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ ఇంగ్లాండులో అలన్ లూకాస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1982లో ఒక పరిశోధన ప్రారంభించారు. 1850 గ్రాములకంటె తక్కువ బరువుతో పుట్టిన శిశువులలో కొందరికి మామూలు డబ్బాపాలు, మరికొందరికి మాంసకృత్తులు, ఖనిజలవణాలు ఎక్కువగా చేర్చిన డబ్బాపాలు పట్టారు. ఎవరికి ఏవి అన్నది చీటీలు వేసినట్లుగా నిర్ణయించారు. పసికందులపై ఇటువంటి ప్రయోగమా అని మనకు అనిపించవచ్చు. కాని ఏది మేలో ఆనాటికి వైద్యులకే తెలియదు. ఈ తేడా కొనసాగినది ఇంచుమించు నాలుగు వారాలు మాత్రమే. ఏడెనిమిదేళ్ళ వయస్సులో ఆ పిల్లలకు ప్రజ్ఞాలబ్ధి పరీక్షలు జరిపారు. 1998లో వెలువడిన ఫలితాల ప్రకారం, కేవలం మామూలు డబ్బాపాలతో పెరిగిన మగపిల్లలు మాటలకు సంబంధించిన పరీక్షలో 12 పాయింట్లు వెనుకబడి ఉన్నారు. ఆడపిల్లలలో అంత భేదం కనిపించలేదు.

తల్లిపాల సంగతి మరింత ఆసక్తికరం. గొట్టం ద్వారా తల్లిపాలు అందిన పిల్లలు ప్రజ్ఞాలబ్ధిలో సుమారు 8 పాయింట్లు ముందున్నారని అదే బృందం 1992లో ప్రకటించింది. చదువుకున్న తల్లులే పాలివ్వడానికి ముందుకు వచ్చారేమో! తల్లి విద్యను, కుటుంబస్థితిని లెక్కలోకి తీసుకున్న తరువాత మిగిలిన తేడా అది. పాలివ్వాలని కోరుకొని కూడా ఇవ్వలేకపోయిన తల్లుల పిల్లలలో ఆ ఆధిక్యం లేదు. అయినా తల్లిపాల విషయంలో చీటీలు వేయలేదు గనుక సందేహం పూర్తిగా తీరిందనలేము.

మరీ తక్కువ బరువున్న బిడ్డకు తల్లిపాలలోని మాంసకృత్తులు, ఖనిజలవణాలు చాలవు. అందువల్ల నేడు అటువంటి శిశువులకు తల్లిపాలలోనే పోషకాల పొడి కలిపి ఇస్తున్నారు. మన ఇళ్ళలో కొందరు పారబోసే ముర్రుపాలను సైతం వృథా కానివ్వరు. తల్లి పిండి ఇచ్చిన పాలను నర్సు మిల్లీలీటర్ల లెక్కన కొలిచి, రెండు మూడు గంటలకొకమారు ఆ సన్నని గొట్టంలో పోస్తుంది.