మన కణములలోని వ్రాత, మన వంటింటిలోని ఆకుకూర



డి.ఎన్.ఏ.ను కాపాడునని చెప్పి అమ్ముచున్న మాత్రలు, పొడులు కొనవచ్చునా అని సంఘస్థులు కొందరు మమ్మును అడిగిరి. ఈ పాఠము ఆ ప్రశ్నను గూర్చియే.

1. వ్రాత
మన శరీరములో దాదాపు ప్రతి కణములోను నాలుగు అక్షరములతో కూడిన ఒక వ్రాత కలదు. అదియే డి.ఎన్.ఏ. కణము రెండుగా చీలునప్పుడెల్ల ఆ వ్రాత అంతయు తిరిగి ఎత్తివ్రాయబడును. బడిపిల్లవాడు నల్లబల్లమీది పాఠము ఎత్తివ్రాయునప్పుడు తప్పులు దొర్లినట్లే ఇక్కడను దొర్లును. దిద్దుకొను ఏర్పాటు కణములోనే యున్నది. దిద్దుబాటుకు మించి తప్పులు పేరుకొనిన యెడల కేన్సరు పుట్టవచ్చును.

2. ఆకు
1895లో భీమవరములో పుట్టిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు మన మద్రాసు వైద్య కళాశాలలోనే చదివిరి. ఆయన సోదరుడు స్ప్రూ అను జీర్ణవ్యాధితో మరణించెను. అమెరికాకు వలసవెళ్లిన సుబ్బారావుగారి ఆధ్వర్యమున లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకు మేలుచేసెను. లాటిను భాషలో ఆకు అను మాటనుండి దానికి ఆ పేరు వచ్చినది. అది చాలనియెడల నాలుగు అక్షరములలో ఒకటి సరిగా తయారుకాదు, వేరొక అక్షరము దాని చోట చేరి, వ్రాత తెగిపోవును, రక్తము క్షీణించును.

తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, అలసందలలో ఇది సమృద్ధిగా నున్నది. ఆకుకూరను తరుగక ముందే కడిగి, కొద్ది నీటితో కొద్దిసేపు వండి, ఆ నీరు పారబోయకుండుడి.

3. మాత్ర
ఎక్కువ మింగిన ఎక్కువ మేలా? కాదు. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తకేన్సరుగల పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు మందులిచ్చి చూడగా వ్యాధి హెచ్చినట్లు కనబడెను. కేన్సరు కణములకును అదే ఆహారము! అందుచేత దానిని అడ్డగించు మందును సుబ్బారావుగారి బృందము అందించగా, 1948లో కొందరు పిల్లలకు తాత్కాలికముగా ఉపశమనము కలిగెను. ఆ కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

అయితే గర్భము కోరు స్త్రీలకు మాత్ర అవసరమే. శిశువు వెన్నుపాముగా మారు నాళము మొదటి నాలుగు వారములలోనే మూసుకొనును. అప్పటికి తల్లికి గర్భము సంగతి తెలియకపోవచ్చును. కనుక ముందుగానే వైద్యుని అడుగవలెను.

4. పొగాకు
ఆకుకూర తిని పైన ఖైనీ నమలిన ఏమి లాభము? పొగాకులోని నైట్రోసమైనులను విషములు డి.ఎన్.ఏ.కు అంటుకొని వ్రాతను చెరుపును. శ్రీకాకుళము, విశాఖ తీరములందు నిప్పుకొన నోటిలోపల పెట్టి చుట్ట త్రాగు స్త్రీలు కలరు. దానిని అడ్డపొగ అందురు. వారికి అంగిటి కేన్సరు వచ్చుట వైద్యులెరిగినదే. పొగాకు లేని వట్టి వక్కయు కేన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించెను. మద్యమును మన శరీరము ఎసిటాల్డిహైడుగా మార్చును. అదియు ఈ వ్రాతకు శత్రువే.

మన పెద్దలలో అనేకులు పని అలసట తీరునని ఈ అలవాటును ఊరినుండి వెంట తెచ్చుకొనిరి. వారిని గద్దించుటకంటె మాన్పించుటకు తోడుండుట మేలు. నోటిలో తెల్లని మచ్చగాని పుండుగాని మూడు వారములలో మానకున్న దాచవద్దు, వైద్యునికి చూపుడి. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1954లో స్థాపించిన కేన్సరు ఆసుపత్రి మన అడయారులోనే యున్నది.

5. ఒక హెచ్చరిక
జాగ్రత్తగా బ్రదికినవారికిని కేన్సరు వచ్చును. కొన్ని తప్పులు పుట్టుకతోనే యుండును, కొన్ని అకారణముగా దొర్లును. కాబట్టి రోగిని చూడబోయినప్పుడు "నీవేమి తింటివి, ఏమి చేసితివి" అని విచారణ చేయక, చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుందము.

ఇంటిలో చర్చించుటకు:
అ) ఈ వారములో మనము ఎన్ని దినములు ఆకుకూర తింటిమి?
ఆ) మన ఇంట పొగాకు, వక్క మానవలసినవారు ఎవరు? వారికి తోడు నిలుచువారు ఎవరు?