గోదారి నీళ్లు అందని చోట ఒక నకలు

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అంత వరదొస్తే కింది గదిలోని సర్వరూ, పక్క బీరువాలోని బ్యాకప్ డిస్కూ కలిసే మునుగుతాయి. పోనీ ఖమ్మంలో దాచుకుందామా అంటే, 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి అక్కడి కాలనీల్లోకీ వచ్చింది. అందుకే ఈ నదుల ఒడ్డు ఊళ్లలో ఆఫీసుకో, కాలేజీకో, ఆసుపత్రికో లైనక్స్ సర్వరు చూసే ప్రతి ఒక్కరికీ నా మాట ఇదే: ఒక నకలు చేతికందేలా ఉంచుకోండి, ఇంకొకటి ఈ నదులకు దూరంగా పంపండి. ఆ పంపే పని మీ జ్ఞాపకం మీద ఆధారపడకూడదు, దానంతటదే జరగాలి.

ముందు ఏం పంపాలో తేల్చుకోండి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను ఉన్నపళంగా కాపీ చేస్తే అవి మళ్లీ తెరుచుకోకపోవచ్చు. డంప్ తీసి, దాన్ని పంపండి. సర్వరు సెట్టింగుల ఫైళ్లనూ మరవొద్దు.

పంపడానికి ఆర్‌సింక్ అందరికీ తెలిసిందే. మారిన భాగాలనే పంపుతుంది. అయితే ఇక్కడ ఫైలు పాడైతే, పాడైన ఫైలే వెళ్లి అక్కడి మంచిదాని స్థానంలో కూర్చుంటుంది. రెస్టిక్ అనే బ్యాకప్ సాధనం అలా కాదు. ఏ రోజు స్థితిని ఆ రోజుగా దాస్తుంది, ఇక్కడే ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. మధ్యలో నెట్ పోయినా మళ్లీ నడిపితే, చేరిన డేటాను చాలావరకు తిరిగి పంపదు. రోజువారీవి 7, వారంవారీవి 4, నెలవారీవి 12 ఉంచుకుంటే చాలు. దాని పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే. కాగితం మీద రాసి, సర్వరు లేని చోట భద్రపరచండి.

ఇక ఇదంతా దానంతటదే జరిగేలా చూడాలి. క్రాన్‌లో 0 2 * * * అని రాస్తే రోజూ రాత్రి రెండింటికి పని మొదలవుతుంది. ఆ వేళకు కరెంటు పోయి సర్వరు ఆగి ఉంటే మాత్రం ఆ రోజు బ్యాకప్ లేనట్టే. దాని బదులు సిస్టమ్‌డీ టైమర్‌లో పర్సిస్టెంట్ పెట్టండి, సర్వరు లేవగానే తప్పిన పని చేసేస్తుంది.

ఇంతా చేసి, తిరిగి తెచ్చి చూడకపోతే చేసిందంతా వృథా. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. తీరా చూస్తే రోజువారీ డంపులు ఎప్పటినుంచో విఫలమవుతున్నాయి. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. కాబట్టి బ్యాకప్ సరిగ్గా ముగిసిన ప్రతి రోజూ మీ ఫోనుకు కబురు వచ్చేలా పెట్టుకోండి. రాని రోజున వెంటనే వెళ్లి చూడండి.

నెలకోసారి వేరే కంప్యూటర్ ముందు కూర్చుని, దూరపు నకలు నుంచి ఒక డంప్ తెచ్చి తెరవండి. నిన్నటి ఎంట్రీలు కనిపిస్తున్నాయా? ఎంతసేపు పట్టింది? తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. వచ్చే తొలకరికి ముందే ఆ మొదటి వరుస రాయండి.