ప్లగ్ పారేసే ముందు దాని రంగు చూడండి

పొద్దున్నే ఐదారు కిక్కులు కొడితే గానీ బండి అందుకోకపోతే మనవాళ్లు ముందు పెట్రోలు బంకువాణ్ణి తిడతారు. నేను ముందు స్పార్క్ ప్లగ్ విప్పుతాను.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. లాగాల్సింది క్యాప్‌ని, వైరుని కాదు. చుట్టూ ఉన్న దుమ్ము తుడిచేయండి, లేదంటే నేరుగా సిలిండర్‌లో పడుతుంది. ఆ తర్వాత ప్లగ్ పానాతో విప్పడమే.

పాత ప్లగ్ కొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టే. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నూనె జిడ్డు కనిపిస్తే పిస్టన్ రింగుల మీద అనుమానం, మెకానిక్‌కి చూపించాల్సిందే. తెల్లగా పాలిపోతే అతివేడి. ఐసీ ఇంజన్స్ క్లాసులో బోర్డు మీద చూసి రాసుకున్న గాలి-ఇంధన నిష్పత్తి నాకు కంటికి కనిపించింది ఇక్కడే!

కొత్తది బిగించడమే అసలు పరీక్ష. ప్లగ్ మరలు ఉక్కువి, సిలిండర్ హెడ్ అల్యూమినియంది. మర అడ్డంగా ఎక్కిందా, వందల్లో పోయే పని వేలల్లోకి పోతుంది. అందుకే చివరిదాకా చేత్తోనే తిప్పాలి. వాషర్ ఆనాక పానాతో అర చుట్టు చాలు, బలం ఉంది కదా అని ఇంకోటి వద్దు. ప్లగ్ నంబరు, గ్యాప్ మాత్రం మీ బండి మాన్యువల్‌లో ఉన్నవే.

క్యాప్ టక్కుమని కూర్చునేదాకా నొక్కి, ఇక కిక్ కొట్టండి.