కారు మైలేజీ: గేరు లెక్క, గాలి లెక్క

మన హాస్టల్లో చదువుకొని డ్రైవింగ్‌లోకి వెళ్లిన అన్నయ్యలు చాలామందే ఉన్నారు. కొందరు డుంబ్రిగుడ, అరకు మధ్య సర్వీసు జీపులు నడుపుతున్నారు. కొందరు సీజన్లో చాపరాయికి టూరిస్టులను తిప్పుతారు. మరికొందరు విశాఖపట్నంలో ఉంటూ విజయవాడ, రాజమండ్రి ట్రిప్పులు వేస్తున్నారు. ఫైనాన్సులో బండి తీసుకున్నవారికి చేతిలో మిగిలేది నెల కిస్తీ, ఆయిల్ ఖర్చు పోగా ఉండేదే. కిస్తీని మనం తగ్గించలేం. ఆయిల్ ఖర్చును మాత్రం కొంత తగ్గించవచ్చు. అందుకు కావలసిన భౌతికశాస్త్రం 9, 10 తరగతుల పుస్తకాల్లోనే ఉంది.

ముందు గాలి సంగతి చూద్దాం. బస్సు మెల్లగా వెళ్లేటప్పుడు కిటికీలోంచి వచ్చే గాలి ముఖానికి హాయిగా తగులుతుంది. అదే బస్సు మైదానంలో వేగం అందుకుంటే కళ్లు తెరవలేం. గాలిలో తేడా లేదు, మన వేగంలోనే తేడా. కారును గాలి వెనక్కి నెట్టే బలం వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. దీనితోపాటు కారు ముందు వైశాల్యం, దాని ఆకారం కూడా లెక్కలోకి వస్తాయి. ఆకారాన్ని ఒక గుణకంతో సూచిస్తారు. నున్నగా వాలుగా ఉండే ఇప్పటి కార్లకు అది 0.30 దరిదాపుల్లో ఉంటుంది. నిటారు అద్దం, చదునైన ముందుభాగం ఉన్న జీపుకు 0.5 దాకా పోతుంది.

ఒక మామూలు కారును తీసుకుందాం. మనుషులతో కలిపి బరువు 1,200 కిలోలు, ముందు వైశాల్యం 2 చదరపు మీటర్లు, గుణకం 0.35 అనుకుందాం. టైర్లు దొర్లడానికి అయ్యే నిరోధం సుమారు 140 న్యూటన్లు. ఇది వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం ఇలా పెరుగుతుంది: గంటకు 30 కిలోమీటర్ల వేగంలో 29 న్యూటన్లు, 60లో 117, 80లో 207, 100లో 324, 120లో 467.

ఈ అంకెలను కాసేపు చూడండి. 30లో గాలి ఉన్నట్టే తెలియదు. 66 కిలోమీటర్ల వేగం దగ్గర గాలి వాటా టైర్ల వాటాతో సమానమవుతుంది. ఆపైన గాలిదే పెత్తనం. మన కొండదారుల్లో బండి నేర్చుకున్నవారికి బరువు తెలుసు, ఎత్తు తెలుసు, మలుపు తెలుసు. ఇక్కడి వేగాల్లో గాలి ఎవరినీ ఇబ్బంది పెట్టదు కనుక దాని ధర ఎవరికీ పరిచయం లేదు. హైవే ఎక్కినప్పుడు తొలిసారి ఆ బిల్లు వస్తుంది.

ఆ బిల్లును లీటర్లలోకి మార్చుదాం. లీటరు పెట్రోలులో సుమారు 32,000 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. ఇంజన్ అందులో పావు వంతు చక్రాలకు అందిస్తుందనుకుంటే మనకు దక్కేది 8,000. కారు 80 వేగంలో ఒక కిలోమీటరు పోవడానికి సుమారు 348 కిలోజౌళ్లు కావాలి, కనుక లీటరుకు 23 కిలోమీటర్లు వస్తుంది. 100 వేగంలో 465 కావాలి, కనుక 17 వస్తుంది. విశాఖ నుంచి విజయవాడకు 350 కిలోమీటర్లు అనుకుంటే, 80లో పోతే 15 లీటర్లు, 100లో పోతే 20 లీటర్లు. ఆ ఐదు లీటర్లకు బదులు మనకు దొరికేది 52 నిమిషాలు. ఆస్పత్రి కేసు అయితే ఆ 52 నిమిషాలకు విలువ కట్టలేం. ఖాళీ బండితో తిరిగి వస్తున్నప్పుడు మాత్రం అంత తొందర దేనికో ఆలోచించాలి.

ఈ లెక్కను దేశాలే వేసుకున్నాయి. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసినప్పుడు అమెరికా 1974లో దేశమంతటా 55 మైళ్ల వేగపరిమితి పెట్టింది. అంటే గంటకు సుమారు 88 కిలోమీటర్లు. విశాలమైన రోడ్లున్న దేశంలో అది ఎవరికీ నచ్చలేదు. అయినా 1995 దాకా ఆ చట్టం ఏదో ఒక రూపంలో కొనసాగింది.

టాపు మీది కారియర్ గురించి కూడా చెప్పాలి. సంతకు పోయేటప్పుడు పసుపు బస్తాలు, రాజ్మా బస్తాలు టాపు మీద వేస్తాం. 30 వేగంలో అది బరువు సమస్యే తప్ప గాలి సమస్య కాదు. నిరోధం 29 నుంచి 42 న్యూటన్లకు పెరుగుతుంది, అంతే. అదే సామానుతో హైవే మీద 80లో పోతే 207 కాస్తా 296 అవుతుంది, లీటరుకు 23 వచ్చే చోట 18 వస్తుంది. సామాను డిక్కీలో పడితే అందులోనే పెట్టడం మేలు. ఖాళీ కారియర్ అయితే విప్పి ఇంట్లో పెట్టుకోవాలి. ఎదురుగాలి సంగతీ ఇంతే. 80లో పోతుంటే ఎదురుగా 20 కిలోమీటర్ల గాలి వీస్తే, గాలి దృష్టిలో మనం 100లో పోతున్నట్టే. పెద్ద లారీ వెనుక అంటుకొని పోతే గాలి తగ్గుతుందన్నది నిజమే కాని, ముందు లారీ బ్రేకు వేస్తే మనకు ఆగే చోటుండదు. ఆ పొదుపు మనకు వద్దు.

ఇప్పుడు గేర్లు. సైకిల్‌తో మొదలుపెడదాం. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనుక 18 ఉంటే, పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. సైకిల్ 5 మీటర్లకు పైగా సాగుతుంది. వెనుక పళ్లు ఇంకా తగ్గిస్తే ఒక తొక్కుకు ఇంకా దూరం పోతుంది, కాని తొక్కడం బరువవుతుంది. కారులో టాప్ గేరు చేసే పని అదే. 1983లో వచ్చిన మారుతి 800కు నాలుగే గేర్లు. అంబాసిడర్‌కు కూడా చాలాకాలం నాలుగే. తరువాత కార్లకు ఐదోది, ఆరోది చేరాయి.

టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు, వెనుక డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకుందాం. నాలుగో గేరు నిష్పత్తి 1 అయితే ఒక కిలోమీటరుకు ఇంజన్ 2,222 సార్లు తిరుగుతుంది. ఐదో గేరు నిష్పత్తి 0.8 అయితే 1,778 సార్లే. కిలోమీటరుకు 444 చుట్లు మిగిలాయి.

ఇక్కడ ఒక సందేహం రావాలి. గాలిని, టైర్లను గెలవడానికి చేయవలసిన పని రెండు గేర్లలోనూ ఒకటే కదా, మరి పెట్రోలు ఎలా మిగిలింది? ఇంజన్ తన్ను తాను తిప్పుకోవడానికి కూడా ఇంధనం తాగుతుంది. పిస్టన్ల రాపిడి, ఆయిల్ పంపు, బేరింగులు, ఇవన్నీ ప్రతి చుట్టుకూ తమ వంతు అడుగుతాయి. చుట్లు తగ్గితే ఆ ఖర్చు తగ్గుతుంది. పెట్రోలు ఇంజన్‌లో ఇంకొక నష్టం ఉంది. యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కినప్పుడు గాలి దారి సగం మూసుకొని ఉంటుంది. నొక్కిపట్టిన గొట్టంతో కొబ్బరినీళ్లు పీల్చినట్టు ఇంజన్ శ్రమపడి గాలిని లాగుతుంది. పై గేరులో అదే వేగానికి ఆ దారి ఎక్కువ తెరుచుకుంటుంది. మనం పైన పావు వంతు అని తీసుకున్న దక్షత ఇందువల్లే ఎప్పుడూ ఒకేలా ఉండదు. మరీ మెల్లగా, తక్కువ గేరులో పోయినా మైలేజీ పడిపోతుంది.

అలాగని 35 వేగంలో ఐదో గేరు వేస్తే బండి వణుకుతుంది, ఇంజన్ కొట్టుకుంటుంది. గేరు మార్చమని ఇంజనే అడుగుతోందన్నమాట. చదును రోడ్డు మీద, ఇంజన్ వణకకుండా లాగగలిగినంతలో పై గేరు మంచిది. గేరు ఎంత మంచిదైనా గాలి బిల్లును మాత్రం తగ్గించలేదు. 100లో ఐదో గేరు కన్నా 80లో ఐదో గేరు ఎప్పుడూ చవకే.

హైవే లెక్కను ఘాట్ రోడ్డుకు తీసుకురావడం ప్రమాదం. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మన కారును అంత ఎత్తుకు ఎక్కించడానికే, దూరంతో సంబంధం లేకుండా, సుమారు 1.3 లీటర్ల పెట్రోలు కావాలి. ఎక్కేటప్పుడు పోయినదాన్ని దిగేటప్పుడు రాబట్టుకోవాలని కొందరు డ్రైవర్లు అనంతగిరి దాటాక న్యూట్రల్ వేస్తారు. కొందరు ఇంజనే ఆపేస్తారు. 20 మీటర్లకు ఒక మీటరు దిగే వాలు మీద, టైర్లు, గాలి తీసుకున్నది పోగా ప్రతి కిలోమీటరుకు సుమారు 395 కిలోజౌళ్లు బ్రేకుల్లో వేడిగా మారాలి. 10 కిలోమీటర్లకు అది 13 లీటర్ల చన్నీళ్లను మరగబెట్టేంత వేడి. కాలిన బ్రేకు పట్టదు. ఇంజన్ ఆపితే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. పైగా దీనిలో పొదుపు కూడా లేదు. ఇంజెక్షన్ ఉన్న ఇప్పటి బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ తిరగడానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో వేస్తే ఆ వేడిలో పెద్ద భాగం బ్రేకులకు పోకుండా ఇంజనే తీసుకుంటుంది.

తమ్ముళ్లకు ఒక లెక్క ఇస్తున్నాం. జీపు బరువు మనుషులతో 1,800 కిలోలు, ముందు వైశాల్యం 2.5 చదరపు మీటర్లు, గుణకం 0.5. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు, టైర్ల నిరోధం బరువులో వెయ్యికి 12 వంతులు. గాలి నిరోధానికి సూత్రం: సగం × సాంద్రత × గుణకం × వైశాల్యం × వేగం వర్గం. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చుకోవడం మరచిపోకండి. 40లోను, 80లోను మొత్తం నిరోధం ఎంత? సుమారు 305, 582 న్యూటన్లు రావాలి.