క్రస్టేషియా: డొప్పను బట్టి వచ్చిన పేరు

జంతుశాస్త్రం చదివే మిత్రులందరం రొయ్యతో కుస్తీ పట్టినవాళ్ళమే. దాని 19 జతల ఉపాంగాలను ఒక్కొక్కటిగా ఊడదీసి, వరుసగా పేర్చి, రికార్డు పుస్తకంలో బొమ్మలు వేశాం. రొయ్య, పీత, లాబ్‌స్టర్ యివన్నీ ‘క్రస్టేషియా’ అని బట్టీపట్టాం. అయితే ఆ మాటకు అర్థమేమిటి? ఆ అర్థం యీ జంతువులకు ఎంతవరకు సరిపోతుంది? ఇదీ నా వ్యాస విషయం.

లాటిన్ భాషలో ‘క్రస్టా’ అంటే గట్టిపడిన పైపొర. చెట్టు బెరడు, పుండు మీద కట్టిన చెక్కు, గోడ మీది పూత, పీత డొప్ప అన్నిటికీ అదే మాట. రొట్టె అంచునూ, భూమి పైపొరనూ ఇంగ్లీషులో ‘క్రస్ట్’ అనటం దానినుంచి వచ్చిందే. తెలుగులో ‘పెచ్చు’ అంటే కాస్త దగ్గరగా వుంటుందేమో. 1758లో లినేయస్ మహాశయుడు పీతనూ రొయ్యనూ రెక్కల్లేని కీటకాల జాబితాలో పడేశాడు. 1772లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు బ్రూనిక్ వీటికి ‘క్రస్టేషియా’ అని నామకరణం చేశాడు. అంటే ‘పెచ్చు గలవి’ అన్నమాట.

తమాషా ఏమిటంటే, రెండువేల మూడువందల ఏళ్ళ కిందట అరిస్టాటిల్ వీటికి సరిగ్గా ఎదురు పేరు పెట్టాడు. ‘మలకోస్ట్రకా’, అంటే మెత్తని డొప్పవి! ఆయన పోల్చింది ఆల్చిప్పతో. ఆల్చిప్పను కొడితే పగిలి ముక్కలవుతుంది, పీత డొప్ప నలుగుతుంది. 1802లో లాత్రెయి ఆ గ్రీకు మాటను మళ్ళీ తెచ్చి, రొయ్యలూ పీతలూ వున్న తరగతికి పెట్టాడు. కాబట్టి మన రొయ్య ఏకకాలంలో ‘పెచ్చు గలది’, ‘మెత్తడొప్పది’ కూడా.

రెండూ నిజమే. యీ డొప్ప కైటిన్, ప్రోటీన్‌లతో తయారై, కాల్షియం కార్బొనేట్‌తో గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక సాగదు. లోపలి ప్రాణి పెరగాలంటే దాన్ని వదిలెయ్యాల్సిందే. పాము కుబుసం విడిచినట్టే. వదిలేముందు పాత డొప్పలోని కాల్షియాన్ని కొంత వెనక్కి లాక్కుంటుంది. బయటపడగానే నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. కొత్త డొప్ప గట్టిపడేదాకా దానికి రక్షణ లేదు, తోటి రొయ్యలే పీక్కు తింటాయి. చెరువు వేసిన రైతును అడగండి, యీ పాఠం పుస్తకం కన్నా బాగా చెప్తాడు. మా వైపు వరిచేలు కొన్ని చెరువులయ్యాక, “మోల్టింగ్ వచ్చిందిరా” అన్న మాట ఇంట్లో వినపడితే పెద్దవాళ్ళకు నిద్ర వుండదు. నీళ్ళలో ఖనిజాలు తగ్గితే డొప్ప గట్టిపడదు, రొయ్య మెత్తగా వుంటే కొనేవాడు ధర కోసేస్తాడు. లాటిన్ మాట అర్థం అక్కడ రూపాయల్లో తెలుస్తుంది!

సరే, డొప్పను చూసి జాతి చెప్పగలమా? చెప్పలేం. సముద్రపు బండలకూ ఓడల అడుగులకూ సున్నపు గుల్లలా అంటుకునే బార్నకిల్‌ను కువియర్ అంతటివాడే నత్తల వర్గంలో చేర్చాడు. జాన్ వాన్ థామ్సన్ అనే సైనిక వైద్యుడు దాని పిల్లదశను పరిశీలించి, అది క్రస్టేషియనే అని 1830లో ప్రకటించాడు. పీత ఒంట్లో వేళ్ళలా పాకే సాక్యులినా అనే పరాన్నజీవికి పెద్దయ్యాక డొప్పా లేదు, కాళ్ళూ లేవు. దిగుడుబావి నీళ్ళలో వుండే సైక్లాప్స్ సంగతీ అంతే. నీటిలో చుక్కంత వుంటుంది, దాని పైపొరను డొప్ప అని ఎవరూ అనరు. నారికురుపు పురుగును మనుషులకు చేరవేసింది అదే. ఆ జబ్బు మన దేశంలో లేదని 2000లో ధ్రువీకరించారు.

వీటన్నిటినీ కలిపేది డొప్ప కాదు, నాప్లియస్ అనే పిల్లదశ. మూడు జతల ఉపాంగాలు, ఒకే కన్ను. టైగర్ రొయ్య గుడ్డునుంచి వచ్చేదీ, బార్నకిల్ గుడ్డునుంచి వచ్చేదీ అదే రూపం. కొన్ని మాత్రం ఆ దశను గుడ్డులోనే దాటేస్తాయి. పెద్దవాటిలోనయితే రెండు జతల స్పర్శశృంగాలు గుర్తు. కీటకానికి ఒక్క జతే.

ఆ కీటకాల దగ్గరే కథ మళ్ళీ మలుపు తిరిగింది. జన్యువులను పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు, కీటకాలు క్రస్టేషియన్ల వంశంలోనే ఒక కొమ్మగా పుట్టాయని తేల్చారు. రెండిటినీ కలిపి ‘పాన్‌క్రస్టేషియా’ అంటున్నారు. లినేయస్ పీతను కీటకాల్లో కలిపాడు, ఇప్పుడు కీటకాలే వచ్చి పీతల ఇంట్లో చేరాయి. వరిచేలో గట్టుకు బొరియ చేసి నీళ్ళు పోగొట్టే పీతా, దుబ్బు మొదట్లో రసం పీల్చే సుడిదోమా దాయాదులే నన్నమాట. మా నాన్నకు చెప్తే, “రెంటికీ పంట మీదే గదరా కన్ను, ఆ మాత్రం చుట్టరికం మాకూ తెలుసు” అన్నాడు.