తెరపై రంగు తప్పినచో ముందు తీగను చూడుడు

1902వ సంవత్సరములో శివసముద్రమునుండి కావేరి విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్లు తీగలమీద నడచి కోలారు బంగారు గనులకు చేరినది. గనులు 2001లో మూతబడినవి గాని, ఆనాటి పాఠము నేటికిని నిలిచియున్నది. పుట్టినచోట శక్తి యెంత యున్నను, మోసికొనివచ్చు తీగ మంచిది కానిచో ఫలము లేదు. కంప్యూటరుపై నమూనాలు గీచుకొను మన సంఘములకు ఈ మాట చక్కగా వర్తించును.

మాకు కలిగిన నష్టమునే ముందు చెప్పెదము. ఒక చీర అంచునకు వంగపండు రంగు కావలసివచ్చినది. తెరమీద అది ఎర్రబారి కనబడుటచే మేము నమూనాలో నీలమును పెంచుచు పోయితిమి. చివరకు సరిపోయినదని తలచి ఆ రంగు అంకెలనే అద్దకమునకు పంపితిమి. వచ్చిన పట్టు ముదురు నీలమై యుండెను! అది పక్కన పెట్టవలసివచ్చినది. మగ్గముకడ కాచుకొనియున్నవారికి పని ఆగి కూలి పోయినది. తప్పు అద్దకమువారిది కాదు, తెరదియు కాదు. చౌకయని మేము కొన్న కేబులులో నీలపు తీగ సరిగా అంటియుండలేదు.

వి.జి.ఏ. కేబులు కొనయందు 15 సూదులకు స్థానములు మూడు వరుసలుగా నుండును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము వేర్వేరు తీగలపై వచ్చును. జకార్డులో ఒక కొక్కెము లేవనిచో దాని పోగులే తప్పినట్లు, ఒక తీగ చెడినచో ఆ రంగొక్కటే తెరయంతటా తప్పును. తెల్లని పుట తెరచి చూడుడు. పసుపుపచ్చగా నున్నచో నీలము రాలేదు. ఊదా కలసిన గులాబిగా నున్నచో ఆకుపచ్చ రాలేదు. ఆకుపచ్చ కలసిన నీలముగా నున్నచో ఎరుపు రాలేదు.

పరీక్షించు క్రమము ఇది:

1. యంత్రములు ఆపి, కేబులు రెండు కొనలను ఊడదీసి, వంగిన సూదులున్నవేమో చూచి, తిరిగి పెట్టి మరలు బిగింపవలెను. 9వ సూది అనేక కేబుళ్లలో ఉండనే యుండదు; అది లోపము కాదు.

2. తెర బొత్తాము నొక్కి దాని సొంత మెనూ చూడవలెను. అది తెర తానే చూపునది, కేబులు ద్వారా వచ్చునది కాదు. మెనూ రంగులు సరిగా నుండి బొమ్మ మాత్రమే తప్పినచో, అనుమానము కేబులుమీదనో కంప్యూటరుమీదనో పెట్టవలెను.

3. బాగుగా పనిచేయు మరియొక కేబులు తగిలింపవలెను. రంగు కుదిరినచో దోషి దొరికినట్లే. కుదరనిచో కంప్యూటరును చూపింపవలెను.

అక్షరముల ప్రక్క నీడ పడుట, అలలవలె చారలు కదలుట కూడ నాసి కేబులు గుర్తులు కావచ్చును. దానిని కరెంటు తీగలకు, మోటార్లకు దూరముగా నుంచి, అవసరమునకు మించిన పొడవు వాడరాదు.

హెచ్.డి.ఎం.ఐ. కేబులు సంగతి వేరు. అందు సమాచారము అంకెలుగా వచ్చును గనుక, కేబులు నాసిదైనచో చుక్కలు మెరయుట, బొమ్మ ఆగి ఆగి పోవుట జరుగును గాని, రంగు కొద్దికొద్దిగా వాడుట సాధారణముగా నుండదు. కావున రంగు మెరుగగునని ఎక్కువ ధర పెట్టనక్కరలేదు.

కేబులు చూడక తెర రంగులు దిద్దరాదు. ఎంత మంచి తెరయైనను, అద్దకమునకు తుది మాట పగటి వెలుగులో చూచిన నూలు నమూనాదే కావలెను. ఒక మంచి కేబులు సంఘపు బీరువాలో ఎల్లప్పుడు ఉంచుకొనుడు. ఒక అద్దకము చెడుటకన్న అది చాల చౌక.