పదకొండు పంక్తుల పాఠం

పాఠ్యభాగ పరిచయం

ఒకరు రాసిన సాఫ్ట్‌వేర్ భాగాన్ని పదిమందీ వాడుకొనేటట్లు కూర్చి పంచిపెట్టడం నేటి సాంకేతిక జగత్తుకు ఆధారం. ఆ పంపకం సాగే తీరునూ, అందులో ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ ఉండే బాధ్యతనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

ఇల్లు కట్టదలచినవాడు ఇటుకలు తానే కాల్చుకోడు. తలుపు గడియలు తానే పోత పోసుకోడు. ఆయా పనుల్లో నేర్పరులు చేసిన వస్తువులను తెచ్చి, తన ఇంటికి తగినట్లు అమర్చుకొంటాడు. సాఫ్ట్‌వేర్ నిర్మాణమూ ఇటువంటిదే. తేదీలను లెక్కించడం, బొమ్మల పరిమాణం తగ్గించడం, సమాచారాన్ని రహస్య సంకేతాలలోకి మార్చడం వంటి పనులు ఎన్నో ప్రోగ్రాములకు అవసరమవుతాయి. వీటిని ప్రతి ఒక్కరూ మొదటి నుంచి రాసుకోవలసివస్తే ఒక జీవితకాలం చాలదు. అందుకే ఒకరు శ్రమించి రాసినదాన్ని ఇతరులు వాడుకొనే పద్ధతి ఏర్పడింది. ఇలా పంచుకొనే భాగాన్ని లైబ్రరీ అనీ, పంపకానికి సిద్ధం చేసిన దాని రూపాన్ని ప్యాకేజీ అనీ వ్యవహరిస్తారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే కంప్యూటర్ పని ప్రారంభించింది. తరచుగా అవసరమయ్యే గణిత ప్రక్రియలను అక్కడి శాస్త్రజ్ఞులు రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీలపై సిద్ధం చేసి బీరువాలో భద్రపరిచారు. కావలసినవారు వాటిని తమ పట్టీలపైకి నకలు తీసుకొనేవారు. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సదస్సులో డగ్లస్ మెకిల్‌రాయ్, యంత్రాల విడిభాగాల వలెనే సాఫ్ట్‌వేర్ భాగాలు కూడా పెద్దఎత్తున తయారు కావాలని ప్రతిపాదించాడు. 1995లో పెర్ల్ భాషవారికి సీపాన్ అనే ఉమ్మడి భాండాగారం అంతర్జాలంలో వెలిసింది. జావాస్క్రిప్ట్ భాషకు 2010లో ఎన్‌పీఎం ఏర్పడింది. నాటి బీరువా నేడు విశ్వవ్యాప్తమైంది.

ఈ పంపకం వల్ల కలిగే మేలు తెలుగు అక్షరంలోనే కనిపిస్తుంది. 'క్షేత్రం' అనే పదాన్ని కంప్యూటర్ క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న అనే ఎనిమిది విడి సంకేతాలుగా దాచుకొంటుంది. వాటిని కలిపి, వత్తునూ గుణింతాన్నీ తగిన చోట నిలిపితేనే మనం చదువుకొనే రూపం ఏర్పడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలో, లిబ్రేఆఫీస్‌లో ఈ పనిని హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీ నిర్వహిస్తున్నది. అందులో ఒక దోషాన్ని సవరిస్తే, ఆ సవరణ అందుకొన్న ప్రతిచోటా తెలుగు తేటపడుతుంది.

అయితే మేలు పాకిన దారినే కీడూ పాకుతుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం తెరపైకి రాగానే ఐఫోన్లలో సందేశాల అప్లికేషన్లు ఉన్నపాటున ఆగిపోయాయి. తప్పు ఆ అప్లికేషన్లది కాదు. అవన్నీ ఆధారపడిన, అక్షరాలను చిత్రించే ఆపిల్ సంస్థ ఉమ్మడి భాగానిది. ఆ నెలలోనే సంస్థ దానిని సవరించింది.

ప్యాకేజీని సిద్ధం చేయడమంటే కోడ్‌ను మూటగట్టడం మాత్రమే కాదు. దానికి ఇతరులతో కలవని పేరు ఉండాలి. వాడే విధానాన్ని తెలిపే వివరణ ఉండాలి. ఎవరు, ఏ షరతులపై వాడుకోవచ్చునో చెప్పే లైసెన్సు ఉండాలి. అది పనిచేయడానికి మరే ప్యాకేజీలు అవసరమో తెలిపే పట్టిక ఉండాలి. అన్నిటికంటె ముఖ్యమైనది వెర్షన్ సంఖ్య. విస్తృతంగా పాటించే పద్ధతిలో ఇందులో మూడు అంకెలుంటాయి. దోషాన్ని మాత్రమే సవరిస్తే చివరి అంకె పెరుగుతుంది. పాతది చెడకుండా కొత్త సౌకర్యం చేరిస్తే నడిమి అంకె పెరుగుతుంది. పాత వాడుకదారుల ప్రోగ్రాములు చెడే మార్పు చేస్తే మొదటి అంకె పెరుగుతుంది. 2.4.1 అనేది 3.0.0గా మారిందంటే, జాగ్రత్తగా చూసి స్వీకరించండని రచయిత హెచ్చరిస్తున్నాడన్నమాట. ఆ అంకె ఒక మాట ఇవ్వడం వంటిది. దాన్ని తప్పితే ముఖమైనా ఎరుగని వేలమంది పని చెడుతుంది.

ఈ బంధం ఎంత సున్నితమో 2016 మార్చి 22న వెల్లడైంది. అజేర్ కోచులు అనే ప్రోగ్రామర్ ఎన్‌పీఎంలో తన ప్యాకేజీలను ఉచితంగా పంచేవాడు. వాటిలో ఒకదాని పేరు తమదని ఒక సంస్థ వాదించగా, నిర్వాహకులు ఆ పేరును సంస్థకు అప్పగించారు. అందుకు నిరసనగా ఆయన రెండువందల యాభైకి పైగా ఉన్న తన ప్యాకేజీలన్నిటినీ ఉపసంహరించుకొన్నాడు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి. 7 అనే అంకెను 007గా చూపినట్లు, ఎడమవైపు సున్నలనో ఖాళీలనో చేర్చడమే దాని పని. అది పదకొండు పంక్తుల కోడ్ మాత్రమే. కాని బేబెల్ వంటి ప్రసిద్ధ ఉపకరణాలు మరొక ప్యాకేజీ ద్వారా పరోక్షంగా దానిపై ఆధారపడి ఉన్నాయి. అది మాయమైన కొద్దిసేపటికే అనేక దేశాలలో ప్రోగ్రాముల నిర్మాణం నిలిచిపోయింది. తాము లెఫ్ట్‌ప్యాడ్‌పై ఆధారపడి ఉన్నామని నష్టపోయినవారిలో చాలామందికి అంతవరకూ తెలియనే తెలియదు. నిర్వాహకులు కొన్ని గంటలలో దానిని పునరుద్ధరించారు. ఇతరులు ఆధారపడిన ప్యాకేజీని ఇష్టానుసారం తొలగించే వీలు లేకుండా ఆ తరువాత నియమాలను మార్చారు.

ఇందులో న్యాయం ఎవరి పక్షాన ఉంది? తన కృతిని తాను వెనక్కు తీసుకొనే హక్కు కర్తకు లేదా అన్నది ఒక ప్రశ్న. పదిమంది దాహం తీర్చడానికి తవ్విన బావిని తవ్వినవాడే పూడ్చివేయవచ్చునా అన్నది మరొక ప్రశ్న. రెండూ బరువైనవే. ఇచ్చినవాని పట్ల గౌరవం లోపిస్తే ఇచ్చేవారు కరవవుతారు. ఇచ్చినది నిలకడగా ఉండకపోతే పుచ్చుకొనేవారు నమ్మరు.

అంతకంటె తీవ్రమైన ప్రమాదం 2024 మార్చిలో బయటపడింది. ఎక్స్‌జెడ్ అనేది సమాచారాన్ని కుదించే లైబ్రరీ. లినక్స్ వ్యవస్థలలో విరివిగా వాడుకలో ఉన్నది. దాని పోషణ భారాన్ని ఒక స్వచ్ఛంద కార్యకర్త ఏళ్ల తరబడి మోస్తూ అలసిపోయాడు. మారుపేరుతో వచ్చిన ఒక వ్యక్తి ఓపికతో సాయపడి, నమ్మకం సంపాదించి, ప్యాకేజీ విడుదల చేసే అధికారం పొందాడు. ఆపై 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి అమర్చాడు. అందరూ చూసే మూలకోడ్‌లో ఆ కుట్ర పూర్తిరూపంలో లేదు. పంపకానికి కట్టిన మూటలోనే దాన్ని మేలుకొలిపే భాగం ఉన్నది. తాళపత్ర ప్రతిలో లేఖకుడు తన పద్యాన్ని చొప్పిస్తే దాన్ని ప్రక్షిప్తం అంటారు. ఇది నేటి ప్రక్షిప్తం. పండితులు ప్రతులను పోల్చి ప్రక్షిప్తాలను పట్టుకొన్నట్లే, మూలాన్నీ మూటనూ పోల్చి చూడవలసిన అవసరాన్ని ఈ ఘటన చాటింది. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు, ఒక కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి సుమారు అర సెకను అదనంగా పడుతున్నదని గమనించి, కారణం వెదికి దీన్ని కనుగొన్నాడు. ఆ వెర్షన్లు విస్తృతంగా వ్యాపించక ముందే కీడు తొలగింది.

ఉచితంగా లభించినది శ్రమ లేకుండా పుట్టినది కాదు. దాని వెనుక ఒక మనిషి రాత్రులు ఉన్నాయి. ఇచ్చేవాడు మాట నిలుపుకోవాలి. పుచ్చుకొనేవాడు తాను దేనిపై నిలబడ్డాడో తెలుసుకోవాలి. దోషం కనిపిస్తే తెలపడం, చేతనైతే సవరించి పంపడం, లాభం గడించే సంస్థలైతే పోషకులకు ధనసహాయం చేయడం కనీస ధర్మాలు. పదకొండు పంక్తులు లోకానికి నేర్పిన పాఠం ఇదే.

కఠిన పదాలు – అర్థాలు

భాండాగారం = వస్తువులను నిల్వచేసే చోటు
సంయుక్తాక్షరం = వేర్వేరు హల్లులు కలిసిన అక్షరం
ఉపసంహరించు = వెనక్కు తీసుకొను
పునరుద్ధరించు = తిరిగి నిలబెట్టు
కృతి = రచన
ప్రక్షిప్తం = మూలంలో లేక, తరువాత ఇతరులు చేర్చినది

అభ్యాసం

అ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. నాటి బీరువా నేడు విశ్వవ్యాప్తమైంది.
2. మేలు పాకిన దారినే కీడూ పాకుతుంది.

ఆ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. లెఫ్ట్‌ప్యాడ్, ఎక్స్‌జెడ్ ఉదంతాలు నేర్పే పాఠాలను చర్చించండి.

ఇ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. వెర్షన్ సంఖ్యలోని మూడు అంకెలు దేనిని సూచిస్తాయి?
2. తెరపై తెలుగు పదం ఏర్పడే విధానాన్ని తెలపండి.

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఎడ్సాక్ ఏ విశ్వవిద్యాలయానికి చెందినది?
2. ఎక్స్‌జెడ్‌లోని దొంగదారిని కనుగొన్నది ఎవరు?